చక్కెర తగ్గిస్తే పండ్ల ఐస్‌క్రీమ్ ఎందుకు గట్టిపడుతుంది? ఇంట్లో ఉండే సరుకులతో మెత్తగా చేసే మార్గాలేమిటి?

తీపి తక్కువ

అందరికీ నమస్కారం. పండ్ల గుజ్జుతో ఇంట్లో చేసే ఐస్‌క్రీమ్‌లలోనూ సోర్బెలలోనూ (పాలు లేకుండా పండు గుజ్జును గడ్డకట్టించి చేసేవి) చక్కెరను వీలైనంత తగ్గించాలన్నది నా ప్రయత్నం. అయితే చక్కెర తగ్గించిన ప్రతిసారీ తీపి తగ్గడంతో పాటు, మరునాటికి ఆ పదార్థమంతా చెంచా దిగనంత గట్టిగా మారుతోంది. పక్కనే అదే పండుతో, అదే ఫ్రీజర్‌లో, మామూలు మోతాదు చక్కెరతో చేసినది మాత్రం సులువుగా గీరుకోగలిగేలా ఉంటోంది. ఈ తేడాకు కారణమేమిటో, ప్రత్యేకమైన యంత్రాలూ పొడులూ కొనకుండా వంటింట్లో ఉండే సరుకులతోనే దీన్ని సరిచేసే వీలుందో లేదో తెలిసినవారు వివరించగలరా? కృత్రిమ తీపి పదార్థాలు వాడే ఉద్దేశం నాకు లేదు.

రసాయన పాఠకుడు

మీరు గమనించినది సరైనదే. చక్కెర ఇక్కడ రెండు పనులు చేస్తోంది. ఒకటి తీపి ఇవ్వడం. రెండోది నీటిని పూర్తిగా గడ్డకట్టనివ్వకపోవడం. ఈ రెండో పనిని పట్టించుకోకుండా చక్కెర తగ్గించడం వల్లే చాలామంది వంటకం చెడుతుంది.

నీటిలో ఏది కరిగినా అది గడ్డకట్టే ఉష్ణోగ్రత సున్నా కంటే కిందికి దిగుతుంది. పండ్ల గుజ్జును ఫ్రీజర్‌లో పెట్టినప్పుడు మొదట కొంత నీరు శుద్ధమైన మంచుగా విడిపోతుంది; మిగిలిన ద్రవంలో చక్కెర చిక్కబడుతుంది; చిక్కబడిన కొద్దీ ఆ ద్రవం గడ్డకట్టడానికి మరింత చల్లదనం కావాలి. అందుకే మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ వద్ద కూడా మంచి సోర్బెలో కొంత భాగం పాకంలాగే మిగిలి, మంచు స్ఫటికాల మధ్య జారుడుగా నిలుస్తుంది. చెంచా దిగేది ఆ పాకం వల్లనే. చక్కెర తగ్గితే పాకం తగ్గుతుంది, స్ఫటికాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

సాధారణంగా సోర్బె మిశ్రమంలో పండులో సహజంగా ఉన్నదీ మనం కలిపినదీ కలిసి మొత్తం చక్కెర నూటికి 25 నుంచి 30 పాళ్లు ఉండేలా చూస్తారు. పండ్లలో ఉండేది దీనికి చాలా తక్కువ. పుచ్చకాయలో సుమారు 6 శాతం, స్ట్రాబెర్రీలో 5 శాతం, అరటిలో 12, మామిడిలో 14, ద్రాక్షలో 16 వరకు ఉంటుంది. అర కిలో స్ట్రాబెర్రీ గుజ్జును 25 శాతానికి తేవాలంటే దాదాపు 130 గ్రాముల చక్కెర కలపాలి. అదే మామిడి గుజ్జయితే 75 గ్రాములు చాలు. కాబట్టి తీపి తగ్గించాలనుకునేవారు చేయవలసిన మొదటి పని పండును ఎంచుకోవడం. పాళ్ల సంగతి ఆ తరువాతిది.

పాలవెల్లి

పైన చెప్పిన లెక్కకు లోబడని పద్ధతి ఒకటి ఉంది. గుజ్జును గడ్డకట్టించడం మానేసి, ముక్కలను గడ్డకట్టించి తినే ముందు గుజ్జు చేయడం. అప్పుడు అది రాత్రంతా ఫ్రీజర్‌లో గట్టిపడే అవకాశమే ఉండదు. చక్కెర చేసే పనిలో సగం మిక్సీ చేస్తుంది.

అరటిపండుతో ఇది అన్నిటికంటే బాగా కుదురుతుంది. తొక్క మీద గోధుమ రంగు చుక్కలు దట్టంగా పడిన పండు కావాలి, ఎందుకంటే అప్పటికి పిండి పదార్థం చాలావరకు చక్కెరగా మారి ఉంటుంది. తొక్క తీసి, వేలి మందాన చక్రాలుగా కోసి, ఒకదానికొకటి తగలకుండా పళ్లెంలో పరచి, పూర్తిగా గడ్డకట్టాకే డబ్బాలోకి మార్చాలి. తొక్కతో పెడితే అది నల్లబడి పండుకు అంటుకుపోతుంది, తరువాత వలవడం చాలా కష్టం.

మిక్సీలో వేసినప్పుడు జరిగేది ఓపికగా చూడాలి. ముందు ముక్కలు విరిగి ముతక రవ్వలా అవుతాయి. ఆ తరువాత రవ్వంతా మిక్సీ జార్ అంచులకు ఎగిరి అతుక్కుని, బ్లేడు ఖాళీగా తిరుగుతుంది. చాలామంది ఇక్కడే కంగారుపడి పాలు పోసేస్తారు. పోస్తే అది పానీయం అవుతుంది. మిక్సీ ఆపి, గరిటెతో అంచులు గీరి కిందికి నెట్టి, మళ్లీ కొద్ది క్షణాలు తిప్పాలి. ఇలా కొన్నిసార్లు చేశాక ముద్దలు ఏర్పడతాయి, ఆ ముద్దలు ఉన్నట్టుండి కలిసిపోయి, పైన మెరుపు తేలి, మడతలు పడుతూ తిరగడం మొదలవుతుంది. అదే ఆపవలసిన క్షణం. అరటిలోని పెక్టిన్ అనే పీచు నీటిని పట్టి ఉంచుతుంది, బ్లేడు తిరుగుడుకు కొంత గాలి చేరుతుంది. పాలు, మీగడ లేకుండానే మీగడ నునుపు వస్తుంది.

ఫ్రీజర్ నుంచి తీసిన ముక్కలను అయిదు నుంచి పది నిమిషాలు బయట ఉంచి తిప్పితే మిక్సీ మోటారు మీద భారం పడదు.

పోషకాహార విద్యార్థిని

ఆరోగ్యం అన్న మాట వచ్చింది గనుక దాన్ని అంకెల్లో చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం, రోజువారీ శక్తిలో విడి చక్కెరల (విడిగా కలిపే చక్కెర, తేనె, పండ్ల రసాల్లోని చక్కెర వంటివి) వాటా 10 శాతానికి మించకూడదు. 5 శాతం లోపు ఉంటే మరింత మేలు. పెద్దవారికి ఈ 5 శాతం అంటే సుమారు 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు. రసాయన పాఠకుడు గారు చెప్పిన స్ట్రాబెర్రీ సోర్బెలో వంద గ్రాముల గిన్నె తింటే కలిపిన చక్కెర ఒక్కటే 21 గ్రాములు వస్తుంది. పండుతో చేశాం కాబట్టి ఎంత తిన్నా మంచిదే అనుకోవడం ఎంత ప్రమాదమో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. తేనె, పాకాలు, పండ్ల రసాలు, చిక్కబరచిన రసాలు విడి చక్కెరల కిందికే వస్తాయి. ముక్కలుగా తినే పండులోని చక్కెర వాటి కిందికి రాదు. బ్రిటన్‌లో మాత్రం మెత్తగా రుబ్బిన పండు గుజ్జులోని చక్కెరను కూడా విడి చక్కెరగానే లెక్కిస్తారు. గుజ్జులో పీచు పోదు, రసంలో పోతుంది. కనుక గుజ్జును రసంతో సమానం చేయడం నాకు పూర్తిగా సమ్మతం కాదు. అయినా నాలుగు అరటిపండ్లను ముక్కలుగా తినమంటే తినలేనివారు గుజ్జుగా అయితే తేలికగా తినేస్తారన్నది నిజం. గిన్నె పరిమాణం మీద పట్టు ఉండాలి.

తీపి తక్కువ

ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. పాలవెల్లి గారి పద్ధతి తప్పక పాటిస్తాను. అయితే మా ఇంట్లో ఒకరికి అరటి వాసన గిట్టదు, పైగా ఏ పండుతో కలిపినా అరటి రుచే పైకి వస్తుంది. అరటి లేకుండా మార్గముందా? చక్కెరకు బదులు తేనె లేదా ఖర్జూరం వాడితే నిజంగా ఉపయోగం ఉంటుందా, లేక అవి పేరుకు మాత్రమే మంచివా?

రసాయన పాఠకుడు

తేనె విషయంలో నిజమైన ఉపయోగం ఉంది, కాని దానికి కారణం చాలామంది చెప్పేది కాదు. గడ్డకట్టే ఉష్ణోగ్రత ఎంత దిగుతుందన్నది కరిగిన అణువుల సంఖ్యను బట్టి ఉంటుంది, బరువును బట్టి కాదు. కిలో నీటిలో 342 గ్రాముల మామూలు చక్కెర చేసే పనిని 180 గ్రాముల గ్లూకోజు చేస్తుంది. రెండిటిలోనూ అణువుల సంఖ్య ఒకటే. తేనెలో ఎక్కువ భాగం ఇలాంటి చిన్న చక్కెరలైన ఫ్రక్టోజు, గ్లూకోజులే. తేనె మొత్తం బరువులో దాదాపు 17 శాతం నీరు. ఆ నీటిని మినహాయించి లెక్కవేసినా, 90 గ్రాముల చక్కెర ఇచ్చే మెత్తదనాన్ని సుమారు 60 గ్రాముల తేనె ఇస్తుంది. ఆ 60 గ్రాముల్లో అసలు చక్కెర 50 గ్రాముల లోపే. అంటే మెత్తదనం చెడకుండా చక్కెర దాదాపు సగానికి తగ్గించినట్టు. తేనె ఔషధమని కాదు, అణువు చిన్నదని వాడుతున్నాం.

ఖర్జూరంలోనూ చాలా రకాల్లో గ్లూకోజు, ఫ్రక్టోజులే ఎక్కువ. పైగా పీచు ఉంటుంది. వేడినీటిలో నానబెట్టి, గింజ తీసి, ఆ నీటితో సహా మెత్తగా రుబ్బాలి. మెత్తటి రకాల ఖర్జూరంలో నూటికి 65 పాళ్ల వరకు చక్కెరే ఉంటుంది కనుక చేతికి వచ్చినన్ని వేయకూడదు. ముదురు రంగు, కారమెల్ లాంటి రుచి వస్తాయి. మామిడికీ అంజీరకూ నప్పుతుంది, స్ట్రాబెర్రీ వంటి పుల్లటి లేత పండ్ల వాసనను మింగేస్తుంది.

చిటికెడు ఉప్పు, కొద్దిగా నిమ్మరసం మరిచిపోకండి. చల్లగా ఉన్నప్పుడు నాలుక తీపిని తక్కువగా గ్రహిస్తుంది. ఉప్పు చేదును అణచి ఉన్న తీపిని పైకి తెస్తుంది, నిమ్మ పండు రుచికి పదును ఇస్తుంది, అరటి, ఆపిల్ ముక్కలు నల్లబడకుండా కూడా కాపాడుతుంది.

కమ్మని గిన్నె

అరటి వద్దన్నవారికి అరటి చేసే పనిని మరొకదానితో చేయించాలి. నీటిని పట్టి ఉంచేది ఏదైనా కావాలి. వంటింట్లో అలాంటివి మూడు దొరుకుతాయని నా అనుభవం: కార్న్‌ఫ్లోర్, ఓట్స్, గింజల వెన్న.

కార్న్‌ఫ్లోర్‌ను అందరూ చిన్నచూపు చూస్తారు, నాకు మాత్రం అదే అన్నిటికంటే నమ్మకమైనది. ఇటలీలోని సిసిలీలో గుడ్డు పచ్చసొన లేకుండా ఈ పిండితోనే జెలాటో (ఇటలీ తరహా ఐస్‌క్రీమ్) చేసే సంప్రదాయం ఉంది. అర లీటరు పాలలో కొంచెం విడిగా తీసి, అందులో రెండు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్‌ను చల్లగా ఉండగానే ఉండలు లేకుండా కలపాలి. మిగతా పాలు పొయ్యి మీద వేడెక్కాక ఈ మిశ్రమాన్ని సన్నగా పోస్తూ, గరిటె ఆపకుండా తిప్పుతూ, బుడగలు వచ్చేదాకా ఉడికించి ఇంకో నిమిషం ఉంచాలి. గరిటె వెనుక పల్చగా పూత నిలిచి, వేలితో గీత గీస్తే ఆ గీత కలిసిపోకుండా ఉండాలి. సరిగ్గా ఉడకకపోతే పచ్చిపిండి రుచి వస్తుంది, నీటినీ పట్టదు. దీన్ని పూర్తిగా చల్లార్చి, ఫ్రిజ్‌లో కొన్ని గంటలు ఉంచి, సమానంగా పండ్ల గుజ్జు, తేనె, ఉప్పు, నిమ్మరసం కలపండి. పుల్లటి పండ్లయితే పాలు చల్లబడ్డాకే కలపాలి, వేడి మీద కలిపితే విరుగుతాయి.

పాలు తాగనివారు ఓట్స్ వాడవచ్చు. నీటిలో మెత్తగా ఉడికించి, చల్లార్చి, నునుపుగా రుబ్బితే అందులోని బీటా గ్లూకాన్ అనే పీచు జిగురు పడుతుంది. ఎక్కువైతే జావ రుచి వస్తుంది. అర కిలో పండు గుజ్జుకు పావు కప్పు ఓట్స్ మించనివ్వకండి.

గింజల వెన్నలలో జీడిపప్పు, వేరుశనగ వేర్వేరు పనులకు. నానబెట్టిన జీడిపప్పును కొద్ది నీటితో రుబ్బితే దాదాపు రుచి లేని మీగడ వస్తుంది, ఏ పండునూ కప్పేయదు. పీనట్ బటర్ రుచి బలమైనది. అరటితో, ద్రాక్షతో బాగుంటుంది, పుచ్చకాయతో అసలు కుదరదు. కొబ్బరిపాలు కూడా మంచివే కాని వాటిలోని కొవ్వు చల్లదనంలో గట్టిపడి నోటికి మైనంలా తగులుతుంది, కనుక మితంగా వాడాలి.

పోషకాహార విద్యార్థిని

కమ్మని గిన్నె గారు చెప్పినదానికి ఒక చేర్పు. జీడిపప్పు వంద గ్రాముల్లో కొవ్వు 44 గ్రాముల దాకా ఉంటుంది, శక్తి 550 కేలరీలు. చక్కెర తగ్గిందన్న సంతోషంలో దీన్ని గుప్పిళ్లతో వేస్తే మొత్తం శక్తి పెరుగుతుంది. ఆ కొవ్వులో ఎక్కువ భాగం అసంతృప్తమైనదే గనుక మీగడ కంటే మేలు, కాని అర కిలో పండుకు 40, 50 గ్రాములు సరిపోతాయి.

బరువు విషయంలో జాగ్రత్త పడేవారికి వడగట్టిన పెరుగు ఉత్తమం. బట్టలో మూటకట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో వేలాడదీస్తే నీరు దిగిపోయి మాంసకృత్తులు చిక్కబడతాయి. తక్కువ నీరంటే తక్కువ మంచు.

నేరేడు కొమ్మ

పెరుగుతో, పాలతో అనాస కలిపితే కాసేపటికి చేదెక్కుతోంది. పండు తియ్యగానే ఉంటుంది, పెరుగూ తాజాదే. కారణమేమిటో చెప్పగలరా?

రసాయన పాఠకుడు

వేడిచేయని అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైము ఉంటుంది. అది పాలలోని మాంసకృత్తులను ముక్కలు చేస్తుంది, ఆ ముక్కల్లో కొన్ని చేదుగా ఉంటాయి. కివీలోనూ బొప్పాయిలోనూ ఇలాంటివే ఉన్నాయి. గట్టిపరచడానికి వాడే జెలటిన్ కూడా మాంసకృత్తే, అది వేసినా ఈ పండ్లతో గట్టిపడకపోవడానికి కారణమిదే. సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్ మాంసకృత్తు కాదు కనుక దాన్ని ఈ ఎంజైములు విరగగొట్టలేవు. గడ్డకట్టించడం వల్ల ఎంజైము నశించదు. ముక్కలను కొన్ని నిమిషాలు మరిగించి చల్లార్చి వాడండి. డబ్బాల్లో వచ్చే అనాస ముందే వేడిచేసినది కాబట్టి దానితో ఈ ఇబ్బంది రాదు. పచ్చి రుచే కావాలనుకుంటే పాలు, పెరుగు లేకుండా కొబ్బరిపాలతో చేయండి, లేదా కలిపిన వెంటనే తినేయండి.

హిమబిందువు

ఇంతవరకు అందరూ నునుపు కోసమే ఆలోచించారు. నా అభిప్రాయం కొంచెం వేరు. నీరు ఎక్కువగా ఉన్న పండ్లను బలవంతంగా మీగడలా మార్చడం కంటే, వాటి స్ఫటికాలను చిన్నవిగా, విడివిడిగా ఉంచుకోవడమే చక్కెర తగ్గించడానికి అన్నిటికంటే నిజాయితీ గల మార్గం. పుచ్చకాయలో 90 శాతానికి పైగా నీరే. దానికి ఓట్స్ కలిపినా, జీడిపప్పు కలిపినా అది పుచ్చకాయ కాకుండా పోతుంది.

గింజలు తీసిన పుచ్చకాయ గుజ్జులో నిమ్మరసం, చిటికెడు ఉప్పు, రెండు చిన్న చెంచాల తేనె మాత్రమే కలిపి, వెడల్పాటి లోహపు పళ్లెంలో వేలి మందం మించకుండా పోయండి. లోహం, పల్చటి పొర రెండూ చల్లదనాన్ని త్వరగా లోపలికి చేరుస్తాయి, త్వరగా గడ్డకడితే స్ఫటికాలు చిన్నవవుతాయి. అంచుల్లో మంచు మొదలవగానే ఫోర్కుతో గీరి మధ్యకు నెట్టండి; ఆపైన అరగంటకోసారి అలాగే చేస్తూ పోతే రెండు మూడు గంటల్లో పొడిపొడిగా, ఎర్రటి మంచు పలుకులు గుట్టగా తయారవుతాయి. దీన్నే గ్రానీటా అంటారు. నాలుక మీద పడగానే కరిగిపోతుంది గనుక తక్కువ తీపి కూడా బాగా తెలుస్తుంది. అర కిలో గుజ్జుకు కలిపిన చక్కెర 12 గ్రాములు కూడా ఉండదు. సోర్బెలో వంద గ్రాములకు 21 గ్రాములన్న లెక్కతో పోల్చి చూడండి.

కమ్మని గిన్నె

హిమబిందువు గారి మాటతో పుచ్చకాయ, నారింజ, దానిమ్మల వరకు నేను ఏకీభవిస్తాను. మామిడి గ్రానీటా మాత్రం నాకు నచ్చదు. మామిడికి సహజంగానే గుజ్జు, పెక్టిన్ ఉన్నాయి, దాన్ని పలుకులుగా చేస్తే ఉన్న గుణాన్ని పోగొట్టినట్టవుతుంది.

పోషకాహార విద్యార్థిని

పిల్లలకు పెట్టేవారు కొన్ని విషయాలు తప్పక గుర్తుంచుకోవాలి. ఏడాది లోపు శిశువులకు తేనె ఏ రూపంలోనూ ఇవ్వకూడదు. అందులో ఉండగల క్లోస్ట్రిడియం అనే బ్యాక్టీరియా బీజాలు వారి పేగుల్లో మొలకెత్తి బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు కలిగించవచ్చు, గడ్డకట్టించినంత మాత్రాన అవి చావవు. గడ్డకట్టిన ద్రాక్షను చిన్నపిల్లలకు గుండ్రంగా అలాగే ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడుతుంది. నిలువుగా చీల్చి, కొంచెం మెత్తబడ్డాకే ఇవ్వాలి. జీడిపప్పు, వేరుశనగ పడనివారు ఉండవచ్చు కనుక బయటివారికి వడ్డించే ముందు చెప్పాలి.

ఫ్రీజర్ సూక్ష్మజీవుల పెరుగుదలను ఆపుతుంది, చాలావాటిని చంపదు. పండ్లను కోసే ముందే కడిగి తుడవాలి. ప్యాకెట్లలో గడ్డకట్టి వచ్చే బెర్రీల ద్వారా హెపటైటిస్ ఎ (కాలేయానికి సోకే వైరస్ జబ్బు) వ్యాపించిన సందర్భాలు పలుచోట్ల నమోదయ్యాయి. 85 డిగ్రీలకు పైన ఒక నిమిషం వేడిచేస్తే ఆ వైరస్ నశిస్తుంది. పిల్లలు, గర్భిణులు, కాలేయ సమస్య ఉన్నవారు తినేటప్పుడు బెర్రీలను ఒక నిమిషం మరిగించి, చల్లార్చి చేయండి. రుచి జామ్ వైపు కొంచెం మొగ్గుతుంది, అంతే.

తీపి తక్కువ

మామిడి గుజ్జు, కార్న్‌ఫ్లోర్ పాలు, 60 గ్రాముల తేనెతో చేసి చూశాను. మొదటి రోజు చాలా బాగుంది. మూడు రోజుల తరువాత డబ్బా తెరిస్తే పైన తెల్లటి మంచు పొర, లోపల గరుకుదనం కనిపించాయి. నిల్వ ఎలా ఉంచాలి? మిగిలినదాన్ని మళ్లీ నునుపు చేయవచ్చా?

పాలవెల్లి

ఫ్రీజర్ తలుపు తెరిచిన ప్రతిసారీ ఉష్ణోగ్రత కొంచెం పెరిగి, మళ్లీ తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్లో చిన్న స్ఫటికాలు కరిగి, ఆ నీరు పక్కనున్న పెద్ద స్ఫటికాల మీద చేరి గడ్డకడుతుంది, గరుకుదనం అదే. పైపొర మంచేమో, డబ్బాలోని ఖాళీ జాగాలోకి చేరిన తేమ. అందుకని డబ్బాను అంచుదాకా నింపి, పైన బటర్ పేపర్‌ను గాలి చేరకుండా అదిమి, మూత పెట్టి, తలుపు దగ్గర కాకుండా లోపలి గోడ పక్కన ఉంచండి. చక్కెర తగ్గించిన మిశ్రమాలు వారం దాటకుండా తినేయడం మంచిది.

గరుకెక్కినదాన్ని పారేయకండి, బయట పెట్టి పూర్తిగా కరిగించనూ వద్దు. డబ్బాను కొంతసేపు ఫ్రిజ్‌లో ఉంచి, కత్తి దిగేంత మెత్తబడగానే ముక్కలు కోసి, మిక్సీలో అరటి ముక్కలకు చెప్పినట్టే ఆపుతూ, గీరుతూ తిప్పండి. ఈసారి నుంచి మిశ్రమాన్ని డబ్బాలో పోయడం మాని ఐస్ ట్రేలో పోసి ఉంచితే ఇంకా సులువు. ఎవరికి ఎంత కావాలో అన్ని గడ్డలే తీసి అప్పటికప్పుడు తిప్పుకోవచ్చు, మిగతావి కదలకుండా ఉంటాయి. ట్రే పైన కూడా కాగితం అదిమి పెట్టండి, లేకపోతే ఫ్రీజర్‌లోని ఇతర వాసనలు పడతాయి.